కుండీలో వేరుకుళ్ళు: జూబ్లీహిల్స్ మిద్దెల నుంచి ఒక సమీక్ష

మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం వేలాడుతున్నాయి. ఆ స్థితిలో మొక్కను చూసి ఊరుకోగలిగినవాళ్ళు తక్కువ. చేతికందిన మగ్గుతో ఇంకాసిని నీళ్ళు పోస్తారు. జులై, ఆగస్టు నెలల్లో జూబ్లీహిల్స్ మిద్దెల మీద, ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో కుండీ మొక్కల ప్రాణం తీసేది చాలాసార్లు ఆ ఇంకాసిని నీళ్ళే. వేరు బతికి పని చేయాలంటే శక్తి కావాలి, ఆ శక్తికి ప్రాణవాయువు కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఆడినంతకాలం ఈ పని సాగుతుంది. ఆ ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోతే ప్రాణవాయువు కదలిక గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు మందగిస్తుంది. ఊపిరందని వేరు తన నీటిదారులు మూసుకుంటుంది. నీళ్ళలో నిలబడ్డ మొక్క దాహంతో వాడిపోవడం అలా మొదలవుతుంది.

వేరుకుళ్ళు అనగానే తెగుళ్ళ పుస్తకాల్లో శిలీంధ్రాల జాబితా ఉంటుంది. ఎరువుల కొట్లో ఆ మాట చెబితే పొట్లం కట్టి ఇస్తారు. ఈ రెండిట్లోనూ అబద్ధం లేదు గానీ వరస తిరగబడింది. కుండీలో ముందు గాలి పోతుంది, ఆ తర్వాతే తెగులు చొరబడుతుంది. కొని తెచ్చిన మందులు ఒక కుండీలో పనిచేసి పక్క కుండీలో చేయకపోవడానికి కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

అసలు ఈ ప్రాంతంలో ఇన్ని కుండీలు ఎందుకు? ఇది గ్రానైట్ గుట్టల నేల. 1960ల్లో హౌసింగ్ సొసైటీ ప్లాట్లు వేసినప్పుడూ, 1976లో అన్నపూర్ణ స్టూడియో, తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలిసినప్పుడూ ఇక్కడ ఉన్నవి బండలు, వాటి మధ్య పల్చటి ఎర్రనేల. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో ఆ పాత నేల ఇంకా కనిపిస్తుంది. ఎంత వాన పడినా నీళ్ళు వాలుకు జారిపోతాయి, మిగిలినవి ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలోంచి దిగిపోతాయి. అక్కడి చెట్లకు వేరుకుళ్ళు పెద్ద బెంగ కాదు. గోడ ఇవతల బండ పగలగొట్టి సెల్లార్ తవ్వి, పైన కాంక్రీటు పోసి, దాని మీద కుండీ పెట్టాక వాలూ లేదు, కిందికి దిగే దారీ లేదు. నేలలో మొక్క వేరు పక్కకో కిందికో తప్పుకోగలదు. కుండీలో అది గోడ దాకా వెళ్ళి, గోడ వెంట తిరిగి, చివరికి అడుగున, అన్నిటికన్నా ఎక్కువ తడి ఉండే చోట గుమిగూడుతుంది.

ఇక ఆ కుండీలో పోసే మట్టి. నర్సరీ మొక్కల్లో పెద్ద వాటా గోదావరి ఒడ్డు కడియం, కడియపులంక నుంచి లారీల్లో వస్తుంది. నల్ల సంచి చించి చూస్తే వేళ్ళ చుట్టూ చేతికంటుకునే జిగట మట్టి ముద్ద తరచుగా కనిపిస్తుంది. నర్సరీవాళ్ళను తప్పుపట్టలేం. వదులు మట్టిలో పెంచితే వందల కిలోమీటర్ల ప్రయాణంలో ముద్ద విచ్చిపోతుంది, వేళ్ళు ఎండిపోతాయి. దారి కోసం కట్టిన ముద్ద అది, కాపురానికి కాదు. మనం దాన్ని అలాగే ఎత్తి కొత్త మిశ్రమంలో దింపుతాం. చుట్టూ ఉన్న కోకోపీట్ పైపైన ఆరిపోయి పొడిగా కనిపిస్తుంది, మధ్యలో ముద్ద పచ్చిగా ఉంటుంది. వేలు పెట్టి చూసినవాళ్ళు కూడా మోసపోయేది ఇక్కడే. కొన్న మొక్కను వారం రోజులు నీడలో ఉంచి, ముద్దను నీళ్ళ బకెట్లో నానబెట్టి, జిగట మట్టిని సగానికి పైగా మెల్లగా కడిగేసి నాటడం మేలు. గులాబీకి ఈ పని జూన్‌లో చేస్తే తట్టుకుంటుంది, మేలో చేస్తే చస్తుంది.

కుండీ నింపడానికి తోలే ఎర్రమట్టిలో కూడా తేడాలున్నాయి. పొలం పైపొర మట్టి ఒకటి, పునాదులు తవ్వగా వచ్చిన లోపలి మట్టి ఇంకొకటి. రెండోదాంట్లో సేంద్రియం ఉండదు. నాలుగు వానలకు గట్టిపడి పైన పెచ్చు కడుతుంది. మిద్దెతోటల ఉద్యమాన్ని ఇంటింటికీ చేర్చిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివారి ప్రభావంతో రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు అనే లెక్క చాలా ఇళ్ళలో స్థిరపడింది. లోతైన, వెడల్పాటి ఇటుక మడికి అది చక్కగా సరిపోతుంది. పది అంగుళాల కుండీకి మాత్రం ఆ లెక్క బరువు. అందులో మూడో వంతు దాకా గరుకు సరుకు, అంటే ముతక ఇసుక, ఇటుక ముక్కలు, వరి ఊక, పెర్లైట్‌లలో ఏదో ఒకటి కలవాలి. నది ఇసుక దొరక్క చాలామంది రోబో శాండ్ వేస్తున్నారు. దాన్ని జల్లించకుండా వేస్తే అందులోని గ్రానైట్ పిండే ఖాళీలన్నీ పూడ్చేస్తుంది, ఇసుక వేసిన ఫలితం తలకిందులవుతుంది. బకెట్లో వేసి రెండుమూడు సార్లు కడిగి, పైకి తేలిన బూడిదరంగు నీళ్ళు పారబోశాక వాడుకోవచ్చు. కోకోపీట్ ఎండాకాలం వరం, వానాకాలం భారం. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచే ఆ పీచుపొడిని మే నెల మిద్దె కోసం కలిపి, ఆగస్టులో మరిచిపోతాం.

మట్టి తర్వాత అందరూ నమ్మే ఉపాయం కుండీ అడుగున కంకర. ఇది పని చేయకపోవడమే కాదు, కీడు చేస్తుంది. గిన్నెలు తోమే స్పాంజిని తీసుకోండి. నీళ్ళలో ముంచి, బల్లపరుపుగా పట్టుకుంటే కాసేపటికి కారడం ఆగుతుంది. దాన్నే నిలువుగా తిప్పండి, మళ్ళీ ధారగా కారుతుంది. స్పాంజి మారలేదు, నీళ్ళు మారలేదు, ఎత్తు మారింది. కుండీ మట్టిలోనూ అడుగున కొంత మందం ఎప్పుడూ నానిన పొరగానే మిగిలిపోతుంది. ఆ పొర ఎంత ఎత్తన్నది మట్టి రేణువుల సైజు తేలుస్తుంది, కుండీ లోతు కాదు. మెత్తటి మట్టిలోని నీరు కింద పెద్ద ఖాళీలున్న కంకర పొరలోకి, పైపొర పూర్తిగా నానేదాకా దిగదు. కాబట్టి మూడంగుళాల కంకర వేస్తే నానిన పొర మూడంగుళాలు పైకి జరిగి వేళ్ళ దగ్గరికి వస్తుంది. దీన్ని కళ్ళకు కట్టించింది ఒక సినిమానే కావడం ఫిల్మ్‌నగర్ గురించి రాస్తున్నప్పుడు చెప్పక తప్పదు. 1950ల చివర అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన వాల్టర్ గార్డ్‌నర్ అద్దాల మధ్య మట్టి పొరలు పేర్చి, నీరు దిగే తీరును కెమెరాతో పట్టి వేగం పెంచి చూపించాడు. గరుకు పొర దగ్గర నీరు ఆగిపోయి పక్కలకు పాకడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. వ్యవసాయ తరగతుల్లో ఆ చిత్రాన్ని తరాలుగా వేసి చూపిస్తున్నారు. చిల్లు మీద ఒక పెంకు ముక్కో దోమతెర ముక్కో చాలు, అదీ మట్టి జారకుండా. ఇదే సూత్రం వల్ల, ఒకే మట్టి పోసినప్పుడు పొడుగాటి కుండీ వెడల్పాటి పళ్ళెం లాంటి కుండీ కన్నా వేళ్ళకు ఎక్కువ గాలినిస్తుంది.

కుండీల సంగతికొస్తే, ఈ ప్రాంతపు ప్రత్యేక జబ్బు అందమైన పాత్ర. ఆఫీసు లాబీల్లో, షూటింగులకు అద్దెకిచ్చే బంగళాల్లో మెరిసే ఫైబర్, సెరామిక్ కుండీలుంటాయి. లోపల నర్సరీ ప్లాస్టిక్ కుండీ, దాని కింద ఎవరికీ కనిపించని రెండంగుళాల నీళ్ళు. అరేకా పామ్ కొనలు మాడి, కింది మట్టలు పసుపెక్కితే నెపం ఏసీ మీదికి తోసేస్తారు. లోపలి కుండీ ఎత్తి ఒక్కసారి వాసన చూస్తే సంగతి తెలిసిపోతుంది. మట్టి కుండీకి ఒక అదనపు గుణం ఉంది, పక్కల నుంచి కూడా ఆరుతుంది. జాజు పూస్తే ఆ గుణం పోదు, ఎనామిల్ పెయింట్ వేస్తే పోతుంది. గోడ రంగుకు కలవాలని పెయింట్ వేయించేవాళ్ళు మట్టి కుండీ ధరకు ప్లాస్టిక్ కుండీ కొన్నట్టే లెక్క. ఇక కుండీ కింది పళ్ళెం. 2020 మేలో అప్పటి రాష్ట్ర మంత్రి కేటీఆర్ పిలుపుతో మొదలైన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమం డెంగీ దోమల నివారణ కోసం పెట్టింది. పళ్ళేల్లో నీళ్ళు పారబోయమన్న ఆ సలహా వేళ్ళకు చేసిన మేలును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇంతకీ నీళ్ళు పోసేదెవరు? సమస్యలో లోతైన భాగం ఇదేనని నా అభిప్రాయం. పెద్ద ఇళ్ళలో పోసేది యజమాని కాదు. తోటమాలి పొద్దున్నే వస్తాడు, పైపు పట్టుకుంటాడు, అన్ని కుండీలకూ ఒకటే లెక్క. రాత్రంతా వాన పడింది కదా, ఇవాళ ఎందుకంటే “పోయకపోతే అమ్మగారు ఊరుకోరు సార్” అంటాడు. నీళ్ళు పోయడం అతను పనికొచ్చాడనడానికి సాక్ష్యం. డ్రిప్ టైమర్ పెట్టించిన చోట ఆ మొండితనం యంత్రానికి వచ్చింది. హైదరాబాదులో ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. నగరాన్ని వరదలో ముంచిన 2020 అక్టోబరు 13 లాంటి రాత్రులు దానికి అదనం. మబ్బు పట్టి గాలిలో తేమ నిండిన రోజున అదే మందారం మే నెలలో తాగినదాని కన్నా చాలా తక్కువ తాగుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలికి అడీనియం, మనీ ప్లాంట్, పీస్ లిల్లీ వేళ్ళు మందగిస్తాయి. అప్పుడు పోసిన నీళ్ళు వానాకాలం నీళ్ళ కన్నా ప్రమాదం, ఎందుకంటే ఎవరూ అనుమానించరు. కొలత కావాలంటే చీపురుపుల్ల చాలు. వేళ్ళ దాకా గుచ్చి పది నిమిషాలాగి తీస్తే, తడి అంటుకుంటే ఆ రోజు నీళ్ళక్కర్లేదు. చిన్న కుండీని ఎత్తి బరువు చూడటం ఇంకా నమ్మకం.

తులసికోటది వేరే కథ. స్నానం చేసి చెంబెడు నీళ్ళు పోయడం ఆచారం. పెరట్లో కట్టిన పాతకాలపు కోటకు అడుగంటూ లేదు, నీళ్ళు నేలలోకి పోయేవి. ఫ్లాట్‌లోని పాలరాతి కోటకు, సిమెంటు కోటకు అడుగు ఉంది, చాలావాటికి చిల్లు లేదు. అత్తగారు ఒక చెంబు, కోడలు ఒక చెంబు పోసే ఇంట్లో, అందులోనూ కార్తిక మాసంలో, తులసి నల్లబడితే అపచారమేమో అని కంగారుపడతారు. చిల్లు వేయించడం ఒక దారి. ఉద్ధరిణెతో పోయడం ఇంకో దారి, ఆచారానికి అది లోటు కాదు. అసలు తులసి రెండుమూడేళ్ళకు ముదిరి వాడిపోయే మొక్కే కాబట్టి, కంకులు రాల్చి నారు పోసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు తెగులు కారకాల దగ్గరికి వెళ్దాం. కుండీల్లో ముఖ్యమైనవి నాలుగు: పిథియం, ఫైటోఫ్తోరా, రైజోక్టోనియా, ఫ్యుజేరియం. వీటిలో చివరి రెండే అసలైన శిలీంధ్రాలు. మొదటి రెండూ చూడ్డానికి బూజులా ఉన్నా వంశం వేరు, సముద్రపు గోధుమరంగు నాచులకు దగ్గరివి. వాటి బీజాలకు రెండు తోకలుంటాయి, నీటి పొరలో ఈదుతాయి. ఊపిరందని వేరు చక్కెరలనూ ఆల్కహాలునూ బయటికి వదులుతుంది, ఈదే బీజాలు ఆ జాడ పట్టుకునే వస్తాయి. నీళ్ళు నిలవడానికీ తెగులుకూ మధ్య లంకె ఇదే.

ఈ వంశంతో తెలుగు నేలకు పాత పరిచయం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి పెద్దఎత్తున చచ్చిపోతుంటే, బీహారులోని పూసా పరిశోధనా సంస్థ నుంచి ఎడ్విన్ జాన్ బట్లర్ వచ్చి పరిశీలించాడు. 1907లో ఆ జీవికి పిథియం పామివోరం అని పేరు పెట్టాడు, 1919లో దాన్నే ఫైటోఫ్తోరా పామివోరాగా మార్చాడు. మన తాటిమొవ్వు మీద పేరు పెట్టించుకున్న ఆ జీవి ఇవాళ ప్రపంచమంతటా బొప్పాయి, కోకో, ఆర్కిడ్ల నుంచి కుండీ మొక్కల దాకా పీడిస్తోంది. బట్లర్ ఐర్లండు మనిషి. 1845లో ఆ దేశాన్ని కరువులో ముంచిన బంగాళదుంప తెగులు కూడా ఒక ఫైటోఫ్తోరాయే. రాజమండ్రి చుట్టుపక్కల పొగాకు రైతులకు ఇదంతా కొత్త కాదు. 1947లో అక్కడ మొదలైన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ నారుకుళ్ళు తెగులుకు మందుల కన్నా ముందు చెబుతూ వచ్చిన మాట నారుమడిని ఎత్తుగా వేయమని. నిజామాబాద్ పసుపు రైతు దుంపకుళ్ళుకు బోదెల మీద నాటడమూ ఆ వరసలోదే. పొలంలో ఇంత బాగా తెలిసిన విషయం మిద్దె ఎక్కేసరికి పొట్లం మందుగా కుదించుకుపోయింది.

రోగనిర్ణయం కళ్ళతో మొదలై ముక్కుతో ముగుస్తుంది. తడి మట్టిలోనూ మొక్క వాడిపోవడం, కింది ఆకులు ముందు పసుపెక్కడం, చిగురు ఆగిపోవడం అనుమానానికి చాలు. రుజువు కావాలంటే మొక్కను ఊడదీయాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతొడుగు ఊడివచ్చి లోపలి దారం మిగులుతుంది, మురుగు వాసన వేస్తుంది. పోలికలతో మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. బోరు నీళ్ళు, ఆర్ఓ యంత్రం వదిలిన నీళ్ళు పోసే ఇళ్ళలో లవణాలు పేరుకుని వేరు కొనలు మాడతాయి. కుండీ అంచున తెల్లటి పెచ్చు దానికి గుర్తు. కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి తక్కినదంతా పసుపైతే ఇనుము అందడం లేదని అర్థం. వేళ్ళ మీద బుడిపెలుంటే నులిపురుగులు, వేళ్ళు కొరికేసి ఉంటే వేరుపురుగు. వీటిలో దేనికీ వేరుకుళ్ళు మందు పనికిరాదు.

నిజంగా కుళ్ళే అయితే చేయాల్సింది కోత. మట్టి కడిగేసి, మెత్తబడ్డ వేళ్ళన్నీ శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం కనిపించేదాకా కత్తిరించాలి. వేళ్ళు ఎంత పోతే పైన కొమ్మలు కూడా సుమారుగా అంత తగ్గించాలి, ఉన్న వేరు మోయగలిగినంతే ఆకు ఉండాలి. పాత మట్టి వద్దు, పాత కుండీని బ్లీచింగ్ నీళ్ళతో కడిగితే గానీ వాడొద్దు. మిగిలిన వేళ్ళకు సరిపోయేంత చిన్న కుండీ చాలు. పెద్దది ఇస్తే వేరు తాగలేని నీళ్ళు మళ్ళీ నిలుస్తాయి. నీడలో ఉంచి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు ఏదీ వేయకూడదు. అడీనియం, స్నేక్ ప్లాంట్, జీజీ మొక్కలను కోశాక రెండుమూడు రోజులు గాలికి ఆరనిచ్చి నాటాలి. వేళ్ళన్నీ పోయి కాండం మొదలు కూడా నల్లబడితే మొక్కతో పోరాటం మాని, పైన పచ్చిగా ఉన్న కొమ్మలు కోసి వేరు పట్టించుకోవడమే తెలివి. మందారం, నందివర్ధనం, మనీ ప్లాంట్ ఇలా దక్కుతాయి. కరివేపాకు కొమ్మ సాధారణంగా మొండికేస్తుంది, దానికి పిలకో గింజో వెతుక్కోవాలి.

మందుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది కార్బెండజిమ్, బావిస్టిన్ పేరుతో అందరికీ తెలుసు. రైజోక్టోనియా, ఫ్యుజేరియంల మీద అది పనిచేస్తుంది. పిథియం, ఫైటోఫ్తోరాల మీద పనిచేయదు, ఎందుకంటే అది దెబ్బతీసే చోటు ఆ జీవుల్లో దానికి లొంగదు. వానాకాలం కుండీలో తరచుగా ఉండేది ఈ పిథియం, ఫైటోఫ్తోరాల వంశమే గనక, బావిస్టిన్ పోసి ఫలితం లేదనేవాళ్ళ మాటలో నిజముంది. ఆ వంశానికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు, లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు తడిసేలా పోస్తారు. మెటలాక్సిల్‌ను మళ్ళీ మళ్ళీ వాడితే జీవులు అలవాటుపడిపోతాయి. ఈ మందులేవీ తులసికి, కరివేపాకుకు, పుదీనాకు వద్దు, తీర్థంలోకీ చారులోకీ పోయే ఆకులవి. బోర్డో మిశ్రమం 1885లో ఫ్రాన్సులో వృక్షశాస్త్రవేత్త మిలార్డే ద్రాక్షతోటల కోసం ప్రకటించినది. పది లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. ఇనుప పాత్రలో కలపకూడదు, కలిపిన రోజే వాడేయాలి. వ్యాధి ఇంకా అంటని పక్క కుండీలకు అది మంచి రక్షణ.

ట్రైకోడెర్మా సంగతి వేరు. అది ఇతర శిలీంధ్రాలను తినే శిలీంధ్రమని 1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మన వ్యవసాయ శాఖలు చెప్పే పద్ధతి 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చేసి నీడలో వారం పదిరోజులు మాగబెట్టడం. మిద్దెకు ఇందులో పదో వంతు చేసుకుంటే చాలు. ఇది నివారణకే గానీ కుళ్ళిపోయిన వేరుకు ప్రాణం పోయదు. బావిస్టిన్ పోసిన కుండీలోనే ట్రైకోడెర్మా కూడా వేసేవాళ్ళున్నారు, మొదటిది రెండోదాన్ని చంపుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసిన నిమిషాల్లో నురగ వచ్చి ఊరట కలిగిస్తుంది, ఆ ప్రాణవాయువు కాసేపటి ముచ్చట. దాల్చినచెక్క పొడి, పసుపు, బూడిద కోసిన గాయం ఆరడానికి పనికిరావచ్చు, మట్టిలో కలిపితే ప్రయోజనం కనిపించదు. జీవామృతం మంచి నేలకు మంచిదే. గాలాడని కుండీలో బెల్లం కలిసిన ద్రవం పోస్తే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ప్రాణవాయువునూ ఖర్చు చేసేస్తాయి, అక్కడ దాన్ని ఆపమనే చెబుతాను.

మందుల దాకా రాకుండా ముందే శుభ్రమైన మట్టితో మొదలుపెట్టాలనే పాఠాన్ని కుండీ మొక్కల వ్యాపారానికి గట్టిగా నేర్పింది 1957లో కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసిన కరదీపిక. అక్కడ ఆవిరి పట్టి మట్టిని శుద్ధి చేశారు. 1976లో ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ బృందం ఆవిరి బదులు ఎండతోనే ఆ పని జరుగుతుందని చూపింది. ఈ పద్ధతికి హైదరాబాదు మిద్దె కన్నా అనువైన చోటు దొరకదు. ఏప్రిల్ మధ్యలో పాత కుండీల మట్టిని వేళ్ళ ముక్కలు ఏరేసి, తడిపి, జానెడు మందం మించకుండా పరిచి, పల్చటి పారదర్శక పాలిథిన్‌తో గాలి చొరకుండా అంచులు మూసేయాలి. నల్ల షీటు వద్దు, దాని కింద మట్టి అంత వేడెక్కదు. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచి, మొదటి జల్లులకు ముందే ఎత్తి, మాగిన ఎరువూ ట్రైకోడెర్మా కలిపి, గరుకు సరుకు జోడించి సంచుల్లో నీడకు చేర్చుకుంటే జూన్ నాటికి మట్టి సిద్ధం.